గుణుపురంలో ఐటీఐ పూర్తయింది: అప్రెంటిస్‌గా చేరాలా, హైదరాబాద్ వెళ్లాలా?

గుణుపురం ఎలక్ట్రీషియన్

అందరికీ నమస్కారం. నాకు ఇరవై ఏళ్లు. మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు రాయడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి.

ఎలక్ట్రీషియన్ ట్రేడులో రెండేళ్ల ఐటీఐ ఈమధ్యే పూర్తి చేశాను. నాన్న దర్జీ. రెడీమేడ్ దుస్తులు వచ్చాక పెళ్లిళ్ల కాలంలో, బడులు తెరిచే నెలలో తప్ప మిషను పెద్దగా తిరగడం లేదు. చెల్లెలు ప్లస్ టూ చదువుతోంది. నా సంపాదన మొదలైతే ఇంటికి ఊపిరి వస్తుంది.

ఇప్పుడు చేతిలో రెండు దారులున్నాయి. రాయగడ వైపు ఒక కర్మాగారంలో ఏడాది అప్రెంటిస్‌గా తీసుకుంటామన్నారు. స్టైపెండ్ నెలకు దాదాపు ఎనిమిది వేలు. ఇంకోటి హైదరాబాద్. మా మేనమామ అక్కడ అపార్ట్‌మెంట్లకు వైరింగ్ చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తారు. నన్ను కూడా చేర్పిస్తానన్నారు. పదహారు వేల జీతం, ఉండడానికి గది. పది రోజుల్లో ఏ సంగతో చెప్పమన్నారు.

నా మనసులో ఉన్నది మాత్రం రైల్వే. చిన్నప్పటి నుంచి గుణుపురం స్టేషన్‌లో ఇంజను దగ్గర నిలబడి చూసేవాణ్ణి. అసిస్టెంట్ లోకో పైలట్ కావాలని ఉంది. అప్రెంటిస్ చేస్తే రైల్వేలో ఉద్యోగం ఖాయమని మా స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

ఇంకో మాట కూడా అడగాలి. శ్రీకాకుళం వైపు వెళ్తే మమ్మల్ని ఒడిశావాళ్లంటారు, ఇక్కడేమో తెలుగువాళ్లంటారు. ఉద్యోగాల లెక్కలో నేను ఎక్కడివాణ్ణి?

---

పర్లాకిమిడి నుంచి వచ్చినవాడు

తమ్ముడూ, నేను పర్లాకిమిడివాణ్ణి. పదేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను. నా మాట అడిగితే వచ్చెయ్యి. ఇంటి పరిస్థితి నువ్వే చెప్పావు. ఎనిమిది వేలలో రాయగడలో గది అద్దె, తిండి పోను ఇంటికి ఏం పంపుతావు? ఇక్కడ గది వాళ్లే ఇస్తున్నారు కాబట్టి నెలకు ఏడెనిమిది వేలు పంపగలవు. చెల్లెలి చదువు ఆగకూడదు. పని ఇక్కడ కూడా నేర్చుకోవచ్చు. సొంత మేనమామ ఉండడం మామూలు విషయం కాదు. నేను వచ్చినప్పుడు ఈ నగరంలో నాకు తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. మొదటి వారం స్టేషన్ పక్కనే పడుకున్నాను.

---

రాయగడ ఫిట్టర్

తమ్ముడూ, నేను పుట్టింది కాశీనగరం దగ్గర. ఇప్పుడు రాయగడలో ఫిట్టర్‌గా పనిచేస్తున్నాను, వయసు ముప్పై ఎనిమిది. నీ ప్రశ్నలో మూడో దారి చూసి ఇది రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదువు.

లోకో పైలట్ కావాలని నాకూ ఉండేది. ఐటీఐ కాగానే విశాఖపట్నం వెళ్లి ద్వారకానగర్‌లో కోచింగ్‌లో చేరాను. మూడేళ్లు చదివాను. ఆ మూడేళ్ల ఖర్చు కోసం నాన్న మా జీడితోట ఫలసాయాన్ని మూడేళ్లకూ ముందే అమ్మేశారు. తోట మాదే, కాయ మాది కాదు. కాపు రోజుల్లో అమ్మ తోట వైపు వెళ్లేది కాదు. చివరికి రాతపరీక్ష గట్టెక్కాను. మెడికల్‌కు పిలిచారు.

అక్కడ ఒక పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. పేజీ నిండా రంగురంగుల చుక్కలు, వాటి మధ్యలో ఒక అంకె. మొదటి పేజీలో 12 ఉంది, చెప్పాను. తర్వాతి పేజీలో 3 అన్నాను. డాక్టరుగారు తల ఎత్తి నన్ను చూశారు. ఇంకో పేజీ తిప్పారు, 21 అన్నాను. మిగతావాళ్లందరికీ అక్కడ కనిపించేది 74 అని ఆయనే చెప్పారు. నాకు ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియదు. ఇరవై నాలుగేళ్లు వచ్చేవరకూ ఆ సంగతి నాకు తెలియదు. ఇప్పుడు తలచుకుంటే తెలుస్తోంది, చిన్నప్పుడు జామకాయ పండిందో లేదో నేను ఎప్పుడూ చూసి చెప్పలేదు, నొక్కి చెప్పేవాణ్ణి. అందరూ అలాగే చేస్తారనుకున్నాను.

లోకో పైలట్‌కు కళ్లు ఏ-1 శ్రేణిలో ఉండాలి. అద్దాలు లేకుండా 6/6 చూపు, రంగుల గుర్తింపు రెండూ కావాలి. లేజర్ చికిత్స చేయించుకున్న కళ్లను కూడా తీసుకోరు. ఈ నిబంధన నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. నేను సిలబస్ పేజీలు చదివాను, ఖాళీల పట్టిక చదివాను, ఆ పేజీ మాత్రం తిరగెయ్యలేదు. కోచింగ్‌లో కూడా ఎవరూ చెప్పలేదు.

అందుకే నీకు చెప్పే మొదటి పని ఇది. ఈ వారమే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లి చూపుతో పాటు రంగుల పరీక్ష కూడా చేయమని నోరు తెరిచి అడుగు. అడగకపోతే చాలాచోట్ల అక్షరాల బోర్డు చదివించి పంపేస్తారు. నీది ఎలక్ట్రీషియన్ పని కాబట్టి ఇది నీకు మరీ అవసరం. వైర్ల రంగులే చూడు: ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. ఇవి తికమకపడితే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు.

ఇక మీ స్నేహితుల మాట. అందులో సగమే నిజం. రైల్వే లెవెల్-1 పోస్టుల్లో, అంటే హెల్పరు, ట్రాక్‌మన్ లాంటి కింది స్థాయి ఉద్యోగాల్లో, 20 శాతం అప్రెంటిస్ పూర్తి చేసినవారికి కేటాయిస్తారు. అయితే ఆ శిక్షణ రైల్వే సంస్థల్లోనే చేసి ఉండాలి. బయటి కర్మాగారంలో చేస్తే ఆ కోటా వర్తించదు. పైగా కోటా ఉన్నవారు కూడా పరీక్ష రాయాల్సిందే. అసిస్టెంట్ లోకో పైలట్‌కు పదో తరగతితో పాటు నీ ట్రేడులో ఐటీఐ ఉంటే సరిపోతుంది, అది నీకు ఇప్పటికే ఉంది. రెండో దశ పరీక్షలో ట్రేడు మీద ఒక భాగం ఉంటుంది, అందులో 35 శాతం వస్తే గట్టెక్కుతావు. రోజూ ప్యానెల్ ముందు నిలబడినవాడికి ఆ భాగం బరువనిపించదు.

అలాగని ఏ కర్మాగారమైనా పరవాలేదని నేను అనడం లేదు. అప్రెంటిస్ పేరుతో ఏడాది పాటు టీలు తెప్పించి, స్టోరులో సామాన్లు మోయించి పంపినచోట్లు ఉన్నాయి. నువ్వు ఒకరోజు రాయగడ రా. ఎ షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి వదులుతారు. గేటు దగ్గర నిలబడి, బయటికి వచ్చే కుర్రాళ్లలో అప్రెంటిస్‌లెవరో కనుక్కో. మోటారు విప్పనిచ్చారా, స్టార్టరు ప్యానెల్ ముట్టుకోనిచ్చారా, ఎవరి చేతికింద వేశారు అని అడుగు. పది నిమిషాల్లో నీకే అర్థమవుతుంది. ఆఫీసులో అడగాల్సింది ఒక్కటే: ఒప్పందాన్ని అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేస్తారా? నమోదు లేకపోతే చివర్లో జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ రాదు. ఏడాది గాలికి పోతుంది.

నేను మెడికల్‌లో పోయాక ఆరు నెలలు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఒక కాంట్రాక్టరు కింద ఇక్కడికి వచ్చాను. నన్ను ఒక ముసలి మేస్త్రీ దగ్గర వేశారు. ఒడియా మనిషి, మాట తక్కువ. మొదటి నాలుగు నెలలు నాతో నట్లు, బోల్టులు కిరసనాయిలులో కడిగించారు. మనసులో బాధ ఉండేది. ఒకరోజు నడుస్తున్న పంపు దగ్గరకు తీసుకెళ్లి పొడుగాటి స్క్రూడ్రైవరు చేతిలో పెట్టారు. కొనను బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకోమన్నారు. ముందు ఒకటే హోరు. కళ్లు మూసుకోమన్నారు. కాసేపటికి ఆ హోరు అడుగున సన్నగా ఇసుక నలిగిన చప్పుడు వినిపించింది. “అదే. ఇంకో వారం తిరుగుతుంది, అంతే” అన్నారు. తొమ్మిదో రోజు ఆ బేరింగు విప్పితే లోపలి గుండ్ల మీద చర్మం లేచినట్టు పెచ్చులు ఊడి ఉన్నాయి.

ఈ రోజు నేను తింటున్న అన్నం ఆ చెవి పెట్టిందే. అలాంటి మనిషి హైదరాబాద్‌లో దొరికితే హైదరాబాదే వెళ్లు, తప్పు లేదు. కానీ కొత్త భవనంలో వైరింగ్ అంటే చాలాకాలం గోడలు తొలిచి పైపులు పెట్టడం, వైరు లాగడం. ఏడాది తర్వాత కూడా అదే పనిలో ఉండిపోవచ్చు. మామయ్యను ఒక్క ప్రశ్న అడుగు. రెండేళ్ల కిందట చేరిన కుర్రాడు ఇప్పుడు ఏ పని చేస్తున్నాడు?

---

గుణుపురం ఎలక్ట్రీషియన్

అన్నయ్యా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. జీడితోట మాట దగ్గర ఇంకోసారి చదవమంది. కంటి పరీక్షకు శనివారం వెళ్తున్నాను.

మామయ్యను అడిగాను. రెండేళ్ల కిందట చేరిన ఇద్దరిలో ఒకతను మానేశాడట, ఇంకొకతను ఇప్పటికీ పైపులే వేస్తున్నాడట. ఆయన దాచకుండా చెప్పారు. కానీ పర్లాకిమిడి అన్నయ్య చెప్పిన డబ్బు లెక్క కూడా నిజమే కదా. నాన్న ఏమీ అనరు. అది ఇంకా కష్టంగా ఉంది.

---

బరంపురం అక్క

నేను బరంపురంలో ఒక బ్యాంకులో గుమాస్తాగా పనిచేస్తున్నాను. మాదీ తెలుగు ఇల్లే. నీ చివరి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను.

ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒడియా రావాలి, ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసైన రుజువు అడుగుతారు. నువ్వు ఒడియా బడిలో చదివావు కనుక నీకు ఆ చిక్కు లేదు. ఇంటి దగ్గరే తెలుగు నేర్చుకున్నందుకు నువ్వు ఈ రాష్ట్రంలో ఎవరికీ తక్కువ కాదు. ఆంధ్రలో స్థానికత మనం ఎక్కడ చదివామన్నదాన్ని బట్టి వస్తుంది, మాట్లాడే భాషను బట్టి రాదు. అక్కడి రాష్ట్ర ఉద్యోగాల్లో నువ్వు స్థానికేతరుడివే. కేంద్ర ఉద్యోగాలకు ఈ గొడవ లేదు. రైల్వే పరీక్షలు 15 భాషల్లో రాయవచ్చు, వాటిలో ఒడియా, తెలుగు రెండూ ఉన్నాయి. నువ్వు ఒడియాలో రాయి, సాంకేతిక పదాలు ఆ భాషలోనే చదివావు. తెలుగు నీకు మనుషుల దగ్గర పనికొస్తుంది. మా కౌంటరు దగ్గరికి ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చిన ముసలమ్మ పాసుపుస్తకం పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడితే, “ఏం కావాలమ్మా” అన్న ఒక్క మాటకు ఆమె ముఖం ఎలా మారిపోతుందో నేను రోజూ చూస్తాను.

ఇప్పుడు డబ్బు. పదహారు వేలు అన్నారు సరే, అందులో పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) ఉన్నాయా? 21 వేల లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ వర్తిస్తుంది, మన వాటా 0.75 శాతమే. పదహారు వేలకు నెలకు 120 రూపాయలు. నిచ్చెన మీద నుంచి పడితే ఆ నూట ఇరవై విలువ తెలుస్తుంది. మా తమ్ముడు పడ్డాడు. కాగితం మీద అతను అక్కడ పనిచేస్తున్నట్టే లేదు. ఆసుపత్రి ఖర్చు నా జీతం నుంచి రెండేళ్లు కట్టాను. అప్రెంటిస్‌కు పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. కానీ పనిలో గాయమైతే పరిహారం యజమానే ఇవ్వాలని అప్రెంటిస్ చట్టంలో ఉంది. అందుకే ఒప్పంద పత్రం నకలు నీ దగ్గర ఉంచుకో.

ఇంకో మాట, ఇది నీకు కోపం తెప్పించవచ్చు. ఏడాది పాటు ఇంటికి ఏమీ పంపలేనని నాన్నకు నువ్వే నోటితో చెప్పు. ఆయన మౌనంగా ఉన్నారని నువ్వు, నువ్వు అడగలేదని ఆయన, ఇద్దరూ లోపల లోపల లెక్కలు వేసుకుంటున్నారు. చెల్లెలి ఫీజు ఎంత, ఎప్పుడు కట్టాలి, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసిందా? ముగ్గురూ కూర్చుని ఒక కాగితం మీద రాయండి. ఆ అంకె నువ్వు భయపడుతున్నంత పెద్దది కాకపోవచ్చు. నిజంగానే పెద్దదైతే హైదరాబాద్ వెళ్లు, రెండేళ్లకని గీత గీసుకుని వెళ్లు.

---

పర్లాకిమిడి నుంచి వచ్చినవాడు

అక్క చెప్పిన ఈఎస్ఐ సంగతి నేను రాయాల్సింది. నాకూ మొదటి నాలుగేళ్లు లేదు. తమ్ముడూ, వస్తే ముందు అది అడిగే రా.

---

గుణుపురం ఎలక్ట్రీషియన్

శనివారం వెళ్లాను. చూపు 6/6. రంగుల పుస్తకం అంతా సరిగ్గా చదివాను. 74 కనిపించినప్పుడు అన్నయ్య గుర్తొచ్చి ఒక్క క్షణం నోట మాట రాలేదు.

రాత్రి నాన్న, నేను, చెల్లెలు కూర్చున్నాం. కాగితం లేక నాన్న కొలతల పుస్తకంలోనే రాశాం. ఫీజు, పుస్తకాలు, బస్సు కలిపి ఏడాదికి పదకొండు వేలు తేలింది. నాన్న ఆ అంకె చూసి, “ఇంతేనా? దసరా లోపు నేను కుట్టేస్తాను” అన్నారు.

అన్నయ్యా, గురువారం రాయగడ వస్తున్నాను. మామయ్యకు ఏమని చెప్పాలో మాత్రం తెలియడం లేదు. ఆయన నా కోసం కాంట్రాక్టరుకు మాట ఇచ్చేశారు.

---

రాయగడ ఫిట్టర్

మామయ్యకు ఫోను చేసి నువ్వే చెప్పు, అమ్మతో చెప్పించకు. అడిగినదానికి దాచకుండా జవాబు చెప్పిన మనిషి, అర్థం చేసుకుంటారు. “ఏడాది నేర్చుకుని వస్తాను, అప్పుడు అవసరమైతే మళ్లీ మిమ్మల్నే అడుగుతాను” అను. అలా అడగాల్సి రావచ్చు కూడా.

గురువారం నాది ఎ షిఫ్టే. రెండింటికి గేటు బయట టీకొట్టు దగ్గర ఉంటాను. ఐటీఐ సర్టిఫికెట్, పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్ నకళ్లు రెండేసి తెచ్చుకో. భోజనం చేసి రాకు, మా ఇంట్లో తిందువు గాని.