హ్యూబెల్, వీజల్‌లది ప్రతిభా, లేక గుడ్డెద్దు చేలో పడటమా?

చత్వారం:
మెదడు ఎలా చూస్తుందో పరిశోధించి 1981లో నోబెల్ అందుకున్న డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీజల్‌ల గురించి చదువుతున్నాను. అసలు సంగతి వాళ్లకు దొరికింది ఒక గాజు స్లైడ్ పుణ్యమా అనేనట. స్లైడ్ మీద నల్ల చుక్క చూపిస్తే పిల్లి మెదడులోని కణం పట్టించుకోలేదు, స్లైడ్ దూర్చేటప్పుడు దాని అంచు నీడ పడితే పలికింది! ఇద్దరి పాతికేళ్ల కెరీర్ దీని మీద నిలబడిందా? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

పిల్లిమొగ్గ:
కథ సగమే విన్నారండీ. అది 1958, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో నాడీశాస్త్రవేత్త స్టీఫెన్ కఫ్లర్ ల్యాబ్. పిల్లి మత్తులో ఉంది. దాని విజువల్ కార్టెక్స్‌లో (మెదడు పైపొరలో చూపు పని చూసే భాగం) కణాల విద్యుత్ సంకేతాలు పట్టే సన్నటి ఎలక్ట్రోడ్. కణం ఫైర్ అయినప్పుడల్లా, అంటే సంకేతం పంపినప్పుడల్లా, స్పీకర్‌లో టప్పుమని వినిపిస్తుంది. మూడు నాలుగు గంటలు ఏం చూపించినా ఫలితం లేదు. ఇంకొకరైతే ఎలక్ట్రోడ్ కాస్త కిందికి దించి వేరే కణాన్ని వెతుక్కునేవారు. వీళ్లు దాన్నే పట్టుకుని కూర్చున్నారు.

ఉన్నట్టుండి స్పీకర్ మెషిన్ గన్‌లా మోగింది. ఏదో డిస్టర్బెన్స్‌లే అని వదిలేయకుండా, చుక్కతో సంబంధం లేదనీ, అంచు వేసిన పల్చటి నీడగీతే కారణమనీ తేల్చారు. ఆ గీత ఒక కోణంలో ఉంటేనే మోత, తిప్పితే నిశ్శబ్దం. పక్క కణాలకు వేరే కోణాలు. పైగా హ్యూబెల్ తన టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్‌ను అంతకుముందే సొంతంగా తయారుచేసుకున్నాడు, 1957లో దాని మీద పేపర్ కూడా రాశాడు. గుడ్డెద్దు ఇంత తయారీతో చేలోకి వెళ్లదు.

చత్వారం:
ఓపిక ఒప్పుకుంటాను. కానీ ఓపిక ఉన్నవాళ్లందరికీ అంచు నీడ పడదు కదా?

నాడీజోస్యం:
పడదు. అదే రోజుల్లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో రిచర్డ్ యుంగ్ బృందం కూడా పిల్లి కార్టెక్స్ మీదే పనిచేసింది. వాళ్లు కంటి మీద మొత్తం వెలుతురు పరిచి చూసేవారు. చాలా కణాలు ఉలకలేదు, పలకలేదు. వాటికి కావల్సింది వెలుతురు కాదు, వెలుతురుకీ చీకటికీ మధ్య గీత. చేత్తో స్లైడ్లు మార్చుకునే మోటు ఏర్పాటే హ్యూబెల్, వీజల్‌లకు కలిసొచ్చింది.

నా గోడు కూడా చెప్పనివ్వండి. మా ల్యాబ్‌లో ప్రయోగమంతా కంప్యూటరే నడుపుతుంది. ఏ బొమ్మ, ఎన్ని మిల్లీసెకన్లు, ఎన్నిసార్లు అన్నీ ముందే రాసిపెట్టాలి. నాలుగేళ్లలో నేను స్పీకర్ ఆన్ చేసింది రెండుసార్లు. మాకు అలాంటి నీడ పడినా, ఆర్టిఫాక్ట్ (ప్రయోగంతో సంబంధం లేని పొరపాటు సంకేతం) అని కోడే తీసి పారేస్తుంది. దాన్ని మేం క్లీనింగ్ అంటాం.

మూడోకన్ను:
నాకు అదృష్టం మీద అభ్యంతరం లేదు, ఆ తర్వాత జరిగినదాని మీదే ఉంది. గీత దొరికింది కదా అని దశాబ్దాలపాటు అందరూ గీతలే చూపించారు. ప్రైమరీ విజువల్ కార్టెక్స్ (కంటి సమాచారం కార్టెక్స్‌లో మొదట చేరే చోటు) చేసే పనిలో దాదాపు 85 శాతం ఇంకా అర్థం కానట్టేనని 2005లో ఓల్స్‌హౌసెన్, ఫీల్డ్ అనే పరిశోధకులు లెక్కగట్టారు. సులువుగా ఫైర్ అయ్యే కణాలనే ఏరుకుని రికార్డు చేస్తున్నారన్నది వాళ్ల విమర్శల్లో ఒకటి. గీతల బదులు మామూలు దృశ్యాలు చూపిస్తే, ఆ గీతల మీద కట్టిన పాత మోడల్ తడబడుతుంది.

పిల్లిమొగ్గ:
తర్వాతివాళ్ల బద్ధకాన్ని వీళ్లకు అంటగట్టకండి. వీళ్లు గీతల దగ్గర ఆగలేదు. పసి పిల్లికూన ఒక కంటి రెప్పలు కుట్టేసి, రెండు మూడు నెలల తర్వాత విప్పి చూశారు (1963లో ప్రచురించారు). చదవడానికే కష్టంగా ఉంటుంది, నిజమే. కన్ను బాగానే ఉంది, కార్టెక్స్‌లో మాత్రం ఆ కంటికి స్పందించే కణాలు దాదాపు లేవు. పెద్ద పిల్లికి చేస్తే ఈ నష్టం జరగలేదు. పుట్టుకతో శుక్లం ఉన్న పసివాళ్లకు ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయాలనడానికి ఈ పని పెద్ద ఆధారం. ఇందులో స్లైడ్ అంచు ఎక్కడుంది?

మూడోకన్ను:
అదే పని చూపించి, వయసు దాటితే ఇక చూపు నేర్చుకోలేరు అనే మాటా పాతుకుపోయింది. ఎంఐటీకి చెందిన పవన్ సిన్హా, చూపు లేని పిల్లలకు ఆపరేషన్ చేయించి పరిశోధించే ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, పెద్ద వయసులో ఆపరేషన్ అయిన పిల్లలు చూడటం నేర్చుకున్నారు. చూపు పదును పూర్తిగా రాలేదు. మొదట్లో ఒకదాని మీద ఒకటి పడ్డ రెండు ఆకారాలు వాళ్లకు ముక్కలు ముక్కలుగా కనిపించేవి. ఒక ఆకారాన్ని కదిపితే విడదీసి చూడగలిగారు. కొన్ని నెలలకు కదపకుండానే చూడగలిగారు.

చత్వారం:
గుడ్డెద్దు మాట వెనక్కి తీసుకుంటున్నాను. అదృష్టం మాట తీసుకోను. నాడీజోస్యం గారూ, క్లీనింగ్‌లో తీసేసిన డేటా ఉంచుతారా, డిలీట్ చేస్తారా?

నాడీజోస్యం:
రా ఫైళ్లు, అంటే ఏమీ తీసేయని అసలు రికార్డింగులు, సర్వర్‌లో ఉంటాయండీ, ఎవరూ తెరవరు. మీరడిగాక ఒకటి తెరిచి స్పీకర్‌కి కలిపాను. గంట నుంచీ రేకుల మీద వాన చప్పుడే.