తొలి రాక్ ఆల్బమ్: సొంతంగా వదలాలా, లేబుల్ కోసం ఆగాలా?

రిథమ్‌గిటార్:
పది పాటలు సిద్ధంగా ఉన్నాయి. డ్రమ్స్ తప్ప అన్నీ నేనే వాయించాను, మిక్స్ (గొంతునూ వాయిద్యాలనూ కలిపి సర్దడం) కూడా నాదే. ఒక చిన్న లేబుల్ (ఆల్బమ్‌లు విడుదల చేసే కంపెనీ) వాళ్లు "ఆరు నెలలు ఆగండి, చూద్దాం" అంటున్నారు. ఈలోగా సొంతంగా విడుదల చేసేద్దామనుకుంటున్నాను. అలా చేస్తే తొలి ఆల్బమ్ ఎవరి చెవినా పడకుండా పోతుందని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. మీరేమంటారు?

టేప్‌హిస్:
ఆగండి. సొంతంగా వచ్చిన తొలి ఆల్బమ్‌లలో ఎక్కువగా కనిపించే లోపం ఒకటే: వద్దని చెప్పే మనిషి లేకపోవడం. ఆరు నిమిషాల పాటలో చివరి రెండు నిమిషాలూ ఫీడ్‌బ్యాక్ (ఆంప్ దగ్గర గిటార్ పెట్టే కీచు) మోతే. గొంతు మీద నమ్మకం లేక దాన్ని రివర్బ్‌లో (ప్రతిధ్వనిలో) ముంచేస్తారు. లేబుల్ ఇచ్చేది డబ్బొక్కటే కాదు, "ఈ పాట తీసెయ్" అని మొహం మీద చెప్పే మనిషిని కూడా. 'కార్ సీట్ హెడ్‌రెస్ట్' అనే అమెరికన్ రాక్ బ్యాండ్ సంగతి చూడండి. దాన్ని నడిపే విల్ టొలెడో 2011లో 'ట్విన్ ఫాంటసీ' ఆల్బమ్‌ని బ్యాండ్‌క్యాంప్‌లో (కళాకారులు పాటలు నేరుగా అమ్ముకునే సైట్‌లో) సొంతంగా పెట్టాడు. మాటడార్ లేబుల్‌కి వెళ్లాక, 2018లో మొత్తం ఆల్బమ్‌ను మళ్లీ రికార్డు చేసి విడుదల చేశాడు. మొదటిదానితో తృప్తి ఉంటే అంత పని పెట్టుకుంటాడా?

నాలుగోట్రాక్:
టేప్‌హిస్ గారూ, మీరిచ్చిన ఉదాహరణే నా వాదనకు బలం. 2011లో అది బయటికి రాబట్టే కదా వినేవాళ్లు పోగయ్యారు! పైగా అదే పాటను కొన్నేళ్లపాటు మళ్లీ రికార్డు చేయకూడదన్న షరతు లేబుల్ ఒప్పందాల్లో మామూలే. మాస్టర్లు (అసలు రికార్డింగులు, వాటి హక్కులు) మన చేతిలో ఉంటే ఆ అడ్డే ఉండదు. అమెరికన్ బ్యాండ్ బాన్ ఐవర్ తొలి ఆల్బమ్ కూడా 2007లో సొంతంగానే వచ్చింది. మరుసటి ఏడాది జాగ్‌జాగువార్ లేబుల్ దాన్నే మళ్లీ విడుదల చేసింది. ముందు వదిలితే తర్వాత లేబుల్ దొరకదన్న భయం అక్కర్లేదు.

అయితే వద్దని చెప్పే మనిషి కావాలన్నది నూటికి నూరుపాళ్లు నిజం. రిథమ్‌గిటార్ గారూ, మిక్స్ మాత్రం మీరు చేయకండి, దయచేసి. సాహిత్యం మీకు కంఠతా వచ్చు కాబట్టి, గిటార్ల కింద గొంతు నలిగిపోయినా మీకు ప్రతి మాటా వినిపిస్తుంది. కొత్తగా వినేవాళ్లకు వినిపించదు. పాటలు ఒక్కసారీ వినని ఇంజనీరుకు ఇవ్వండి, పక్కన కూర్చోకండి. మాస్టరింగ్‌లో (విడుదలకు ముందు సౌండ్‌కి చేసే చివరి మెరుగులో) సౌండ్ బాగా పెంచమని కూడా అడగొద్దు. స్పాటిఫై మామూలుగా అన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్ద తీవ్రత కొలత) దగ్గరికి సర్దేస్తుంది. మీరు పెంచినంతా అక్కడ తగ్గిపోతుంది, స్నేర్ డ్రమ్ దెబ్బలో పస పోవడం మాత్రం మిగులుతుంది.

డ్రమ్‌స్టూల్:
డబ్బు సంగతి కూడా మాట్లాడాలి. 2024 నుంచి స్పాటిఫైలో గడచిన 12 నెలల్లో 1,000 స్ట్రీమ్‌లు కూడా రాని పాటకు రాయల్టీ లేదు. బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాల్లో 15 శాతం తీసుకుని, పేమెంట్ చార్జీలు పోగా మిగతాది మనకే ఇస్తుంది. కొత్తవాళ్లు ముందు అక్కడ అమ్ముకోవడమే మేలు.

టేప్‌హిస్:
మాస్టర్ల విషయం ఒప్పుకుంటాను. కానీ విడుదలయ్యాక ఏమిటి? రివ్యూలు రాసేవాళ్లకు వారాల ముందే పాటలు పంపాలి, జవాబు రాకపోతే మళ్లీ రాయాలి. పాటలు రాసే మనిషి ఈ పని రెండో వారంలోనే వదిలేస్తాడు. లేబుల్‌లో అయితే దానికి జీతం తీసుకునే మనిషి ఉంటాడు.

నాలుగోట్రాక్:
చిన్న లేబుల్‌లో ఆ మనిషి ఉన్నాడో లేడో ముందు అడగాలి. చాలాచోట్ల ఒకరిద్దరే అన్నీ చూసుకుంటారు. రిథమ్‌గిటార్ గారూ, వాళ్లకు ఇవాళే మెయిల్ పెట్టండి: మాస్టర్లు ఎవరి పేరు మీద ఉంటాయి, ఎన్నేళ్లకు, ప్రచారం ఎవరు చేస్తారు? జవాబు రాతపూర్వకంగా వస్తే ఆగే సంగతి ఆలోచించవచ్చు. "చూద్దాం" అనే మాటే మళ్లీ వస్తే, మిక్స్ అయ్యాక తేదీ ప్రకటించేయండి.