కిటికీ లేని గదిలో ఇన్వర్టర్ బ్యాటరీ ఉండొచ్చా?

ప్రశ్న: కూకట్‌పల్లిలో అద్దె ఫ్లాట్. ట్యూబులర్ బ్యాటరీ స్టోర్‌రూమ్‌లో ఉంది, తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. గ్యాస్ వస్తుందంటే టెన్షన్‌గా ఉంది. నిజమేనా అండీ?

జవాబు: నిజమేనండీ. ఛార్జింగ్ చివర్లో బ్యాటరీలోని నీళ్లు విడిపోయి హైడ్రోజన్ వస్తుంది. రంగు, వాసన ఉండవు. గాలిలో 4 శాతం చేరితే చాలు, స్విచ్ వేసినప్పుడు వచ్చే నిప్పురవ్వకే అంటుకుంటుంది. వంటగ్యాస్ నేలబారున పాకుతుంది, ఇది పైకి పోయి సీలింగ్ కింద చేరుతుంది. కింద జాలీ ఒక్కటే పెడితే లాభం లేదు, పైన వెంటిలేటర్ ఉండాల్సిందే. ఆ గదిలో దేవుడి దీపం మాత్రం దయచేసి వద్దు.

అడిగినవారు: నిన్నటి నుంచి కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది. అదేనా?

ఇంకో జవాబు: కాదండీ, అది హైడ్రోజన్ సల్ఫైడ్, విషవాయువు. బ్యాటరీ ఓవర్‌ఛార్జ్ అవుతున్నట్టుంది. ఆ గదిలో ఏ స్విచ్చూ ముట్టుకోకండి. బయట మెయిన్ దగ్గర కరెంటు ఆపి, కిటికీలు తీసి, పిల్లలతో సహా బయటికి వచ్చేయండి. మెకానిక్‌ని ఇప్పుడే పిలవండి.