ఉద్యోగం మానేసి ఫ్రీలాన్స్ పనినే వ్యాపారంగా పెట్టుకోవచ్చా? ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే చాలా?

కత్తెర (చర్చ మొదలుపెట్టినవారు)
అందరికీ నమస్కారం. నేను వీడియో ఎడిటర్‌ని. పగలు ఉద్యోగం, రాత్రి ఫ్రీలాన్స్. రెండేళ్లుగా ఇలాగే నెట్టుకొస్తున్నాను. ఇప్పుడు ముగ్గురు రెగ్యులర్ క్లయింట్లు ఉన్నారు. గత ఆరు నెలల్లో నాలుగు నెలలు ఈ ఆదాయం జీతాన్ని దాటింది. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచాను. ఉద్యోగం మానేసి, ఇద్దరు జూనియర్ ఎడిటర్లని పెట్టుకుని దీన్నే వ్యాపారంగా నడపాలని ఉంది.

రాజీనామా మెయిల్ డ్రాఫ్ట్‌లో పెట్టి మూడు వారాలైంది. రోజూ తెరిచి చదువుతాను, మూసేస్తాను. మొన్న రాత్రి ఒంటిగంటకి ఒక వీడియో ఏడో రివిజన్ పంపి పడుకున్నాను. పొద్దున ఆఫీసు మీటింగులో మేనేజర్ రెండుసార్లు పేరు పెట్టి పిలిచినా వినబడలేదు. రెండు పడవల మీద కాళ్లు ఇక నావల్ల కాదు. మీరైతే ఏం చేస్తారు?

పాతకాపు
ఆ మెయిల్ పంపెయ్యండి. తొమ్మిదేళ్ల కిందట నేను మానేసినప్పుడు నా దగ్గర నాలుగు నెలల ఖర్చు కూడా లేదు. డిజైన్ పని, నేనొక్కణ్ణే. ఇవాళ ఏడుగురం ఉన్నాం. రోజంతా అలిసిపోయి, మిగిలిన కాస్త ఓపికతో పని చేస్తే ఆ ఓపికకి తగ్గ క్లయింట్లే దొరుకుతారు. పెద్ద పని ఇచ్చేవాళ్లకి పగలు ఫోన్ ఎత్తే మనిషి కావాలి. మీరు పగలు ఎత్తలేరు. ఈ ఒక్క కారణం చాలు.

ఒంటిచేయి
తొందరపడకండి. పదకొండేళ్లుగా అనువాదం చేస్తున్నాను, ఒంటరిగానే. ఆరు నెలల ఖర్చు అంటే వినడానికి చాలా అనిపిస్తుంది. ఒకసారి తేదీలు వేసి చూడండి. మొదటి నెలంతా పని చేస్తారు. నెలాఖరున ఇన్‌వాయిస్ పంపుతారు. క్లయింట్ 45 రోజుల గడువు అంటాడు. అప్పటికి మూడో నెల సగం అయింది. ఇంకో రెండు వారాలు ఆలస్యం చేస్తాడు, చేస్తాడు కూడా. అంటే మొదటి రోజు చేసిన పనికి డబ్బు చేతికొచ్చేది మూడో నెలాఖరుకి. మీ ఆరు నెలల్లో మూడు నెలలు ఎదురుచూపులకే పోయాయి.

రాత్రిబండి
ఆరు కాదు, పన్నెండు ఉండాలి. నేను పది నెలల్లో మళ్లీ ఉద్యోగానికి వెళ్లాను.

పాతకాపు
ఒంటిచేయి గారూ, మీరు చెప్పిన లెక్క కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి. ఆయనకి ఇప్పటికే ముగ్గురు క్లయింట్లున్నారు. పాత ఇన్‌వాయిస్‌ల డబ్బు వస్తూనే ఉంటుంది. ఎదురుచూపుల మూడు నెలలు ఆయన ఉద్యోగంలో ఉండగానే గడిచిపోయాయి. ఆరు నెలలు ధారాళంగా సరిపోతాయి.

ఒంటిచేయి
రాత్రి గంటల్లో చేసిన పనికి రాత్రి గంటల డబ్బే వస్తోంది. పగలు కూడా పని పెంచితే, ఆ పెరిగిన పనికి డబ్బు మళ్లీ మూడు నెలల తర్వాతే. నా మాట అక్కడే నిలబడుతుంది.

లెక్కలపుస్తకం
చిన్న వ్యాపారాలకి లెక్కలు రాయడం నా పని. ఆరు నెలలా పన్నెండా అనే ముందు రేటు సంగతి చూడండి.

ఉద్యోగంలో వారానికి 40 గంటలు, 52 వారాలు: ఏడాదికి 2,080 గంటలకి జీతం వస్తుంది. సెలవులకీ, జ్వరమొచ్చిన రోజులకీ కలిపే. సొంత పనిలో అవన్నీ మీ ఖాతాలోవే. ఆరు వారాలు తీసేస్తే మిగిలేవి 46 వారాలు, 1,840 గంటలు. అందులోనూ ప్రతి గంటకీ బిల్లు వెయ్యలేం. కొటేషన్లు, ఫోన్లు, ఇన్‌వాయిస్‌లు, డబ్బు కోసం వెంటపడటం, చెడిపోయిన హార్డ్ డిస్క్ బాగుచేయించడం, ఇవన్నీ ఉంటాయి. నూటికి 60 గంటలు బిల్లవుతాయనుకుంటే వచ్చేవి 1,104. ఇప్పటి జీతాన్ని గంటలకి విడగొట్టి అదే రేటు అడిగితే ఏడాదికి సగం జీతం చేతికొస్తుంది. గంట రేటు జీతానికి దాదాపు రెట్టింపు ఉంటేగానీ ఉన్నచోట ఉన్నట్టు కాదు. ఇన్సూరెన్స్, సాఫ్ట్‌వేర్ చందాలు దీనికి అదనం.

కత్తెర గారూ, మీ గంట రేటు ఎంత పడుతోందో ఎప్పుడైనా లెక్క వేశారా? ఏడు రివిజన్లతో సహా?

కత్తెర
వీడియోకింత అని తీసుకుంటాను. రివిజన్లు ఎన్నిసార్లో ఒప్పందంలో రాయలేదు. గంటల లెక్క ఎప్పుడూ వెయ్యలేదు.

కొత్తనీరు
రెండు రివిజన్లు ఉచితం, మూడోదానికి అదనం అని రాయండి. నా టెన్షన్ సగం దీంతోనే పోయింది.

ఒంటిచేయి
ఇంకో ప్రశ్న. ముగ్గురు క్లయింట్లలో ఎవరి వాటా ఎంత?

కత్తెర
ఒకరిదే 60 శాతం దాకా ఉంటుంది. మిగతా ఇద్దరిదీ కలిపి మిగిలింది.

ఒంటిచేయి
అయితే మీరు ఉద్యోగం మానడం లేదు. యజమానిని మారుస్తున్నారు. ఈ యజమానికి నోటీసు పీరియడ్ కూడా ఉండదు. అక్కడ మీకు పని ఇచ్చే మనిషి వేరే విభాగానికి మారితే మీ ఆదాయంలో 60 శాతం ఒక్క మెయిల్‌తో పోతుంది.

పాతకాపు
భయపెట్టడం తేలికే. ఆ 60 శాతం తగ్గాలంటే కొత్త క్లయింట్లు రావాలి. కొత్త క్లయింట్లని వెతకాలంటే పగటిపూట సమయం కావాలి, ఆ సమయం ఉద్యోగంలోనే పోతోంది. చుట్టూ తిరిగి అక్కడికే వస్తున్నాం.

అసలు సంగతి వేరే ఉంది. ఒంటరిగా ఎన్నేళ్లు చేసినా రెక్కాడితేగానీ డొక్కాడదు. పది రోజులు మంచం పడితే పది రోజుల ఆదాయం పోయినట్టే. దాన్ని వ్యాపారం అనలేం. కత్తెర గారు ఇద్దరిని పెట్టుకుంటానన్నారు, అదే సరైన దారి. పది నిమిషాల వీడియోకి 20 గంటలు పడుతుందనుకుందాం. అందులో 12 గంటలు ఫుటేజీ వేరు చెయ్యడానికీ, ధ్వని సింక్ చెయ్యడానికీ, సబ్‌టైటిల్స్ వెయ్యడానికీ పోతాయి. అవి జూనియర్ చెయ్యగలిగినవి. కథ నడకా, చివరి కట్, క్లయింట్‌తో మాట మీది. అలా మీకు ఆదా అయిన 12 గంటల్లో ఇంకో పని తెచ్చుకోవచ్చు.

కోడుగూడు
సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల గురించి పుస్తకం రాసిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, ఆలస్యమైన ప్రాజెక్టుకి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని. మొదటి మూడు నెలలు జూనియర్లకి నేర్పడంలోనే మీ గంటలు పోతాయి.

రాత్రిబండి
నేర్పాక వాళ్లు వెళ్లిపోతారు.

పాతకాపు
నా దగ్గర మొదట చేరినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నీలిసిరా
పొద్దుటినుంచి చదువుతున్నాను. ఆరా, పన్నెండా అని ఇంతసేపు వాదించుకున్నారు. ఆ ఆరు నెలల ఖర్చులో ఆ ఇద్దరు జూనియర్ల జీతం ఉందా అని ఒక్కరూ అడగలేదు. కత్తెర గారు "ఇంటి ఖర్చు" అని రాశారు, పైకి వెళ్లి చూడండి.

నేను బొమ్మలు వేస్తాను. రెండేళ్ల కిందట ఒకరి దగ్గర పని చేశాను. పాతకాపు గారిలాగే ఒంటరిగా మొదలుపెట్టి, మనుషుల్ని పెట్టుకుని, ఏజెన్సీ అని బోర్డు పెట్టినవారు. 14 వారాలు. మూడు పుస్తకాలకి బొమ్మలు వేసిచ్చాను. డబ్బడిగితే "క్లయింట్ నాకింకా ఇవ్వలేదు, వాళ్లిచ్చిన రోజే నీకిస్తాను" అన్నారు. క్లయింట్ ఎవరో నాకు తెలియదు, వాళ్ల పేరు కూడా నాకు చెప్పలేదు. పుస్తకాలు అచ్చయ్యాయి. ఒక కాపీ నా చేతుల్లో పట్టుకుని చూశాను, నేను వేసిన చెట్టు అట్ట మీద ఉంది. డబ్బు మాత్రం రాలేదు. పాతకాపు గారూ, వ్యాపారం అంటే ఇదేనా?

పాతకాపు
మీకు జరిగింది అన్యాయం, కాదనను. ఎవరో చేసిన దానికి నన్ను నిలదీస్తే ఎలా? క్లయింట్ చెల్లించాకే కింద పనిచేసినవాళ్లకి చెల్లించాలని ఒప్పందంలో రాసుకోవడం ఈ రంగంలో మామూలే. నా ఒప్పందాల్లోనూ ఉంది. అది లేకపోతే చిన్న ఏజెన్సీ ఒక్క ఎగవేతతో మూతపడుతుంది. అప్పుడు ఏడుగురూ రోడ్డున పడతారు.

నీలిసిరా
మీ ఒప్పందంలోనూ ఉందా? అయితే నిలదీయాల్సింది మిమ్మల్నే. క్లయింట్‌ని ఎంచుకున్నది మీరు. రేటు మాట్లాడింది మీరు. అడ్వాన్స్ అడగకుండా వదిలేసింది మీరు. లాభం వస్తే మీది. నష్టమొచ్చినప్పుడు మాత్రం "మనందరం కలిసి భరిద్దాం" అంటారు. ఆ లాభంలో నాకెప్పుడైనా వాటా ఇచ్చారా?

పాతకాపు
మీరు నన్ను ఎరగరు. నా దగ్గర జీతం ఆగిన నెల ఒక్కటి లేదు. నాలుగేళ్ల కిందట ఒక పెద్ద క్లయింట్ ఐదు నెలలు ఇవ్వలేదు. అప్పు తెచ్చి అందరికీ ఇచ్చాను. ఇంట్లో నాలుగు నెలలు చెప్పలేదు. ఇలాంటి మాట పడటానికి కాదు తొమ్మిదేళ్లు కష్టపడింది.

నీలిసిరా
ఇచ్చేవారే అయితే ఆ లైను ఎందుకు?

లెక్కలపుస్తకం
ఇద్దరూ కాస్త ఆగండి. జీతం వేరు, పనికింత అని ఇచ్చే డబ్బు వేరు. పాతకాపు గారు జీతాలు ఆపలేదంటున్నారు. నీలిసిరా గారు అడుగుతున్నది బయటి మనుషుల డబ్బు గురించి. రెండూ కలిపి వాదిస్తే ఎప్పటికీ తెగదు. రెండో విషయంలో చట్టాలు కూడా నీలిసిరా గారి వైపు జరుగుతున్నాయి. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఒప్పందంలో చెల్లింపు తేదీ లేకపోతే పని పూర్తయిన 30 రోజుల్లోపు ఫ్రీలాన్సర్‌కి డబ్బివ్వాలి.

ఒంటిచేయి
ఇందాకటినుంచి ఆరు నెలలు, 45 రోజులు అని రాస్తున్నాను గానీ నా మనసులో ఉన్నది అది కాదు. ఆరేళ్ల కిందట నేనూ ఇద్దరిని పెట్టుకున్నాను. పెద్ద క్లయింట్ ఒకరు పని ఆపేశారు. రెండు నెలలు నా దాచుకున్న దాంట్లోంచి జీతాలిచ్చాను. మూడో నెల వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఒకరికి అప్పటికి ఇంట్లో పసిపాప. తను ఏమీ అనలేదు, ల్యాప్‌టాప్ ఛార్జర్ జాగ్రత్తగా చుట్టి బల్ల మీద పెట్టి వెళ్లింది. ఆ తర్వాత ఇంకెవరినీ పెట్టుకోలేదు. ఒంటరిగా ఉండటం తెలివైన వ్యాపారమని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంకొకరి నెల నా చేతిలో ఉండటం నేను మోయలేను.

పాతకాపు
ఈ మాట ముందే చెప్పాల్సింది. మీరు మోయలేకపోయారని ఎవరూ మోయకూడదనడం సరికాదు. పని రానివాళ్లని తీసుకుని నేర్పేది చిన్న ఏజెన్సీలే. మనమెవ్వరం పెట్టుకోకపోతే ఆ పాప తల్లికి మొదటి ఉద్యోగం ఎవరిచ్చేవాళ్లు?

ఒంటిచేయి
మోయకూడదని అనలేదు. మోసే ముందు బరువెంతో చూసుకోమంటున్నాను. కత్తెర గారూ, ఒక్కో జూనియర్ జీతం మీ ఇంటి ఖర్చులో సగం అనుకోండి. ఇద్దరికీ కలిపితే ఇంకో ఇల్లు నడిపినట్టు. మీ ఆరు నెలలు అక్కడికక్కడే మూడు నెలలు. ఆ 60 శాతం క్లయింట్ ఒక్క ఇన్‌వాయిస్ ఆపితే చాలు.

పాతకాపు
ఈ లెక్క మాత్రం ఒప్పుకుంటాను. ఇద్దరిని ఒకేసారి వద్దు. నేను కూడా మొదటి ఏడాది ఒక్కరినే, అదీ పనికింత అని పెట్టుకున్నాను. సగం డబ్బు అడ్వాన్స్ రాకుండా పని మొదలుపెట్టకండి. జూనియర్‌కి ఇవ్వాల్సింది ఆ అడ్వాన్స్ నుంచే పక్కన పెట్టెయ్యండి.

నీలిసిరా గారూ, ఆ లైను వకీలు రాసిచ్చిన నమూనాలో ఉంది. నేను ఎప్పుడూ వాడలేదు.

నీలిసిరా
నేను సంతకం పెట్టిన కాగితంలో కూడా ఆ లైను ఎవరో రాసిచ్చిన నమూనాలోదే. వాడాలనుకున్న రోజు వాడారు.

రాత్రిబండి
పన్నెండు నెలల ఖర్చు అన్న నా మాట మీద నేను ఉన్నాను.

కత్తెర
అందరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి పని పక్కన పెట్టి ఇన్‌వాయిస్‌లన్నీ ఒక షీట్‌లో వేశాను. రావాల్సిన వాటిలో పాతది పంపి 74 రోజులైంది. అది ఆ 60 శాతం క్లయింట్‌దే. ఇన్నాళ్లూ జీతం ఉంది కాబట్టి నాకు తెలియలేదు, అడగలేదు కూడా. గత నెల గంటలు గుర్తున్నంతవరకు రాసి చూస్తే, ఏడు రివిజన్ల వీడియోకి గంట రేటు నా జీతం కన్నా తక్కువ పడింది.

మెయిల్ ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది. ఇవాళ మధ్యాహ్నం భోజనం టైములో ఆ క్లయింట్‌కి ఫోన్ చేసి చెల్లింపు తేదీ అడిగాను. వచ్చే బుధవారం అన్నారు. సబ్‌టైటిల్స్ పనికి తెలిసిన అమ్మాయి ఒకరున్నారు, ఈ వారం ఒక వీడియో ఇచ్చి చూస్తాను. క్లయింట్ ఇచ్చినా ఇవ్వకపోయినా, పని అందిన పదో రోజు తన డబ్బు ఇచ్చేస్తాను.

నీలిసిరా
ఆ పదో రోజు అన్నది తనకి కాగితం మీద రాసిచ్చారా?

కత్తెర
నోటితోనే చెప్పాను. ఇవాళ రాసి పంపుతాను.