గట్టిగా ఊపిరి పీల్చుకోమంటారు, పీలిస్తే దడ ఇంకా పెరుగుతోంది

అశోక్‌నగర్_రూమ్:
గ్రూప్స్‌కి చదువుతున్నాను. గ్రాండ్ టెస్ట్ ఉందంటే చాలు, ముందు రోజు నుంచే గుండె దడ, వేళ్ల చివర, పెదాల చుట్టూ తిమ్మిరి, ఎంత పీల్చినా గాలి సరిపోనట్టు ఉంటుంది. ఈసీజీ, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ చూపించుకున్నాను, బాగానే ఉన్నాయన్నారు. "టెన్షన్ పడకు, గట్టిగా ఊపిరి పీల్చుకో" అని అందరూ చెప్పేదే, కానీ అలా చేస్తే తల తిరుగుతోంది. ఇలా ఇంకెవరికైనా ఉందా? ఏం చేస్తే తగ్గింది?

గుంటూరు_సిస్టర్:
ముందు పరీక్షలు చేయించుకున్నారు, మంచి పని. నేను క్యాజువాలిటీలో చేస్తాను, ఇలాంటి వాళ్లు మాకు తరచుగా వస్తారు. ఇది గాలి తక్కువై వచ్చే బాధ కాదండీ, ఎక్కువై వచ్చేది. భయంలో గబగబా పీల్చి వదులుతుంటే రక్తంలో ఉండాల్సిన కార్బన్ డయాక్సైడ్ కూడా బయటికి పోతుంది, అది తగ్గితే మెదడుకి వెళ్లే రక్తనాళాలు సన్నబడతాయి, అందుకే తల తిరగడం. తిమ్మిర్లు, ఒక్కోసారి వేళ్లు కొంకర్లు పోవడం కూడా దాని వల్లే. వేలికి ఆక్సీమీటర్ పెడితే రక్తంలో ఆక్సిజన్ 98, 99 శాతం చూపిస్తూ ఉంటుంది, మనిషి మాత్రం "ఊపిరి ఆడట్లేదు సిస్టర్" అని ఏడుస్తుంటారు. నటన అని ఎవరూ అనుకోవద్దు, వాళ్లకి నిజంగానే అలా ఉంటుంది. అలాంటప్పుడు ఇంకా పీల్చమంటే ఎలా తగ్గుతుంది? నెమ్మదిగా వదలమనాలి. కాగితం సంచిలోకి ఊపిరి వదిలి పీల్చే పాత చిట్కా మాత్రం వద్దు, అసలు సమస్య ఆస్తమానో గుండెపోటో అయితే ప్రాణం మీదికి వస్తుంది.

సన్నాయి_ఇల్లు:
సిస్టర్ గారు చెప్పింది మా ఇంట్లో వేరే దారిలో నేర్పారు. మాది సన్నాయి వాయించే కుటుంబం. నాన్నగారు మొదట చూసేది భుజాలు, పీల్చేటప్పుడు అవి లేస్తే వాద్యం కింద పెట్టించేవారు. కింది పక్కటెముకలు విచ్చుకోవాలి, పొట్ట ముందుకి రావాలి, ఆ తర్వాత ఊపిరిని పొదుపుగా వదలాలి. కచేరీకి ముందు నాకూ చేతులు చల్లబడతాయి, ఒక పొడుగు స్వరం పట్టేసరికి సర్దుకుంటుంది.

ఉదయం_యోగా:
రోజూ భస్త్రిక, కపాలభాతి చేయండి, ఏ భయమూ ఉండదు.

గుంటూరు_సిస్టర్:
అవి మంచివే కావచ్చు, ఈ బాధ ఉన్నవాళ్లకి మాత్రం మొదలే అవి చెప్పకండి. రెండూ వేగంగా ఊదేవి, దడ ఉన్న మనిషికి అదే తిమ్మిరి మళ్లీ తెప్పించగలవు. అనులోమ విలోమం, భ్రామరి లాంటి నిదానమైనవి నయం.

అమ్మమ్మ_మనవరాలు:
మా అమ్మమ్మ విష్ణుసహస్రనామం చదువుతుంటే గమనించాను, ఒక్కో శ్లోకం ఒక్కో ఊపిరిలో వదులుతుంది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ వాళ్ల పరిశోధన ఒకటి వచ్చింది. లాటిన్‌లో మరియమ్మ జపం చేసినా, "ఓం మణి పద్మే హూం" అన్నా ఊపిరి నిమిషానికి 6 సార్ల దగ్గరికి వచ్చిందట. మామూలుగా కూర్చున్న పెద్దవాళ్లలో అది 12 నుంచి 20 దాకా ఉంటుంది.

నైట్‌షిఫ్ట్_మాదాపూర్:
నాది ఇంకో రకం, నేను పీల్చడమే ఆపేస్తాను. క్లయింట్ మెయిల్ తెరిచి చదివినంతసేపూ ఊపిరి బిగపట్టి, అయిపోయాక పెద్దగా నిట్టూరుస్తాను, సాయంత్రానికి మెడ పట్టేసి తలనొప్పి. లిండా స్టోన్ అనే ఆవిడ దీనికి ఈమెయిల్ ఆప్నియా అని పేరే పెట్టారు. ఇంట్లో నిట్టూరిస్తే పెద్దవాళ్లు అరిష్టం అంటారు గానీ, 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు అచ్చం దాన్నే సాధనగా చేయించారు: ముక్కుతో ఒకసారి పీల్చి, దాని మీదే ఇంకొంచెం పీల్చి, నోటితో పొడుగ్గా వదలడం. రోజుకి 5 నిమిషాలు, నెల రోజులు. ధ్యానం చేసిన వాళ్లకంటే వీళ్ల మనసు ఎక్కువ తేలికపడిందని తేలింది. నేను మీటింగ్‌కీ మీటింగ్‌కీ మధ్య చేస్తున్నాను, మెడ నొప్పి బాగా తగ్గింది.

అశోక్‌నగర్_రూమ్:
అందరికీ థాంక్స్. ఎక్కువ పీల్చడం వల్ల అని ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. పరీక్ష హాల్లో పక్కవాళ్లకి తెలియకుండా ఎలా చేయాలి?

గుంటూరు_సిస్టర్:
నోరు మూసి ముక్కుతోనే చేయండి, ఎవరికీ తెలియదు. మనసులో 4 లెక్కపెడుతూ పీల్చండి, 6 లెక్కపెడుతూ వదలండి. పీల్చేటప్పుడు గుండె కాస్త వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది, అందుకే వదిలేది పొడుగ్గా ఉండాలి. గుండెల నిండా పీల్చకండి, మామూలుగా చాలు. దడ వచ్చాక కొత్తగా మొదలుపెడితే కుదరదు, చదువుకునేటప్పుడూ బస్సులోనూ అలవాటు చేసుకోండి.
ఇంకొకటి, నోటిఫికేషన్ వాయిదాలు, ఇంటి ఖర్చులు ఊపిరితో తీరవు. నిద్ర పట్టకపోయినా, టెస్టులు ఎగ్గొట్టాలనిపిస్తున్నా మానసిక వైద్యులని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, ఉచితం.