బేస్‌మెంట్ మునిగితే ఇంజనీరు మెడకేనా?

తరమణి ఎంఈపీ:
చెన్నైలో వేళచ్చేరి వైపు ఓ అపార్ట్‌మెంట్‌కి 2018లో కరెంటు, ప్లంబింగ్, ఫైర్ డిజైన్ మాదే. 2020లో తాళాలిచ్చారు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకి బేస్‌మెంట్ నిండిపోయింది. జనరేటర్, మెయిన్ ప్యానెల్, ఫైర్ పంపులు అన్నీ నీళ్లలోనే. ఇప్పుడు బిల్డర్ ఆ నష్టం మమ్మల్ని కట్టమని నోటీసు పంపాడు. బిల్డింగ్ కోడ్ ప్రకారమే చేశాం. వర్షం నా చేతిలో ఉందా?

సైట్ మనిషి:
కోడ్ చెప్పేది కనీసం చేయాల్సింది, అంతే. 2015 డిసెంబర్‌లో తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు పడింది. ఆ తర్వాత మూడేళ్లకి, అదీ పల్లికరణై చిత్తడి నేల దగ్గర, జనరేటర్‌ని కిందికి దించి 'తెలియదు' అంటే ఎలాగండీ? ఇంకో మాట. నీళ్లు తోడే సంప్ పంపుకి కరెంటు ఎక్కణ్నుంచి? ఆ బేస్‌మెంట్ ప్యానెల్ నుంచే కదా! అది మునిగాక పంపు అలంకారానికా? వర్షం మీ చేతిలో లేదు సరే, కేబుల్ ఉందిగా.

తరమణి ఎంఈపీ:
పంపు సంగతి నిజమే, ఒప్పుకుంటా. జనరేటర్ మాత్రం పైన పెడదామనే రాశాం. రెండు కార్ల పార్కింగ్ పోతుందని బిల్డర్ కొట్టేశాడు. మెయిల్ ఉంది.

లా పాయింట్:
ఆ మెయిల్ బంగారం, జాగ్రత్త. రెరా, అంటే రియల్ ఎస్టేట్ చట్టం, సెక్షన్ 14(3) ప్రకారం స్వాధీనం ఇచ్చిన ఐదేళ్లలోపు బయటపడిన లోపాలకి ఫ్లాట్ ఓనర్లకి జవాబుదారీ బిల్డరే. అతను మీ మీదికి రావాలంటే మీ కాంట్రాక్టు పట్టుకుని రావాలి. మీలాంటి ఇంజనీరు మామూలుగా తీసుకునే జాగ్రత్త మీరు తీసుకున్నారా అన్నదే అక్కడ తేలాలి. ఇండెమ్నిటీ పాలసీ, అంటే పనిలో పొరపాట్లకి తీసుకునే ఇన్సూరెన్స్, ఉంటే నోటీసు సంగతి ముందు వాళ్లకి చెప్పండి. వాళ్లని అడక్కుండా తప్పు ఒప్పుకుంటే క్లెయిమ్‌కే ఎసరు. పైన పంపు గురించి రాసింది తీసేయండి.

నాలుగో అంతస్తు:
మాదీ వేళచ్చేరే. లిఫ్టు లేక రెండు రోజులు మా అమ్మ బిందెతో నీళ్లు మోసింది. మీరు మెయిల్ బిల్డర్‌కి రాశారు, నోటీసు సంగతి ఇన్సూరెన్స్‌కి చెప్తారు. జనరేటర్ బేస్‌మెంట్‌లో ఉందని కొన్నవాళ్లకి ఎవరు చెప్పారు? మా బ్రోచర్‌లో ఉన్నది '100 శాతం పవర్ బ్యాకప్' అని.

తరమణి ఎంఈపీ:
తీసేయను లాయర్ గారూ, ఉండనివ్వండి. నాలుగో అంతస్తు వారూ, మీరడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడైతే సైట్‌కి వెళ్లగానే చుట్టుపక్కల గోడల మీద 2015 నీటి మరక కోసం వెతుకుతున్నా. ఆ మట్టం డ్రాయింగ్‌లో గీసి, ప్యానెల్ దానికి పైనే పెడుతున్నా. పోయిన నెల ఒక బిల్డర్ కుదరదని వేరేవాళ్లని పెట్టుకున్నాడు.