యాప్ తెరవగానే వచ్చే ట్యుటోరియల్: ఉంచాలా, తీసేయాలా?

చుక్కాని
మాది కిరాణా షాపులవాళ్లు బాకీలు రాసుకునే యాప్. కొత్తవాళ్లు తెరవగానే ఐదు స్లైడ్‌లు వస్తాయి, ఆ తర్వాత ఏ బటన్ దేనికో బాణాలు వేసి చూపిస్తాం. ఇదంతా తీసేద్దామని నేను, ఉంచాల్సిందేనని మా మేనేజర్. మీరేమంటారు?

పెరుగన్నం
తీసేయండి. ఆ స్లైడ్‌లలో జనం వెతికేది స్కిప్ బటన్ ఒక్కటే.

ఫోన్‌షాపు_అన్న
పెరుగన్నం గారూ, మీరు స్కిప్ కొట్టేస్తారు, ఎందుకంటే మూడు గీతలు కనిపిస్తే అక్కడ మెనూ ఉందని మీకు తెలుసు. మా షాపుకొచ్చే పెద్దవాళ్లకు తెలియదు. యూపీఐ పెట్టివ్వమని ఫోన్ చేతికిస్తారు. సిమ్ నుంచి మెసేజ్ వెళ్లాలి, బ్యాంకు ఎంచుకోవాలి, డెబిట్ కార్డు చివరి ఆరు అంకెలు, ఎక్స్‌పైరీ తేదీ, ఓటీపీ, అప్పుడు పిన్. సిమ్‌లో రీఛార్జ్ లేకపోతే ఆ మెసేజే వెళ్లదు, తెర మీద సున్నా మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఇవన్నీ దాటించి పంపినా అసలు మాట ఒకటి మిగిలిపోతుంది: డబ్బు మనకు రావడానికి పిన్ అక్కర్లేదు. "మీకు డబ్బు వేస్తున్నాం, పిన్ కొట్టండి" అనే మోసాలన్నీ ఆ ఒక్క మాట తెలియకపోవడం మీదే నడుస్తాయి. అలాంటిది ముందే నేర్పొద్దంటే ఎలా?

గీతలరాత
అన్నా, మీరు చెప్పిన ఇబ్బంది నిజం. కానీ దానికి మందు ట్యుటోరియల్ కాదు. మొదటి రోజు స్లైడ్‌లో చదివింది, నెలల తర్వాత మోసగాడు ఫోన్ చేసి టెన్షన్ పెడుతుంటే గుర్తొస్తుందా? ఆ హెచ్చరిక పిన్ కొట్టే తెర మీదే ఉండాలి. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ అయితే ఇంకో అడుగు వేసి, 2025 అక్టోబర్ 1 నుంచి వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులనే (డబ్బు పంపమని అడిగి, అవతలివాళ్లచేత పిన్ కొట్టించేవి) ఆపేయమంది. నేర్పుతూ కూర్చోకుండా దారే మూసేశారు.

జనం చదవరన్నది కొత్త సంగతేం కాదు. కంప్యూటర్ కంపెనీ ఐబీఎంలో పరిశోధకుడు జాన్ కారల్ 1980ల్లోనే గమనించాడు: మాన్యువల్ చేతికిచ్చినా పక్కనపెట్టి నేరుగా పనిలోకి దిగుతారు. అందుకే ఆయన పేజీలు బాగా తగ్గించి, మొదటినుంచీ పని చేయిస్తూ, తప్పు జరిగితే ఎలా బయటపడాలో చెప్పే మాన్యువల్ తయారుచేశాడు. మన యాప్‌లు సరిగ్గా ఆ చివరిదాన్నే వదిలేస్తాయి. తప్పు నంబర్‌కి డబ్బు పోతే ఏం చేయాలో ఏ స్లైడ్‌లోనైనా చూశారా?

మౌస్‌మామ
విండోస్ 3.0లో సాలిటేర్ అనే పేకాట పెట్టింది మౌస్‌తో లాగి వదలడం అలవాటు చేయడానికే అంటారు. అది 1990. మా ఆఫీసులో కొందరు ఇంకా నేర్చుకుంటూనే ఉన్నారు.

పెరుగన్నం
సమయానికి చెప్పాలి అంటున్నారు గానీ గీతలరాత గారూ, మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97లో క్లిప్పీ అనే పేపర్ క్లిప్ బొమ్మ చేసింది అదే కదా! ఉత్తరం మొదలుపెట్టగానే సాయం కావాలా అంటూ ఊడిపడేది. ఎంత విసిగించిందంటే ఆఫీస్ ఎక్స్‌పీ నాటికి దాన్ని ముందే ఆపి ఉంచి అమ్మారు.

గీతలరాత
వద్దన్నా మళ్లీ మళ్లీ వచ్చేది, అదీ దాని రోగం. ఒకసారి కాదంటే మళ్లీ రాకూడదు.

ఫోన్‌షాపు_అన్న
అలాగని పూర్తిగా మాయం కాకూడదు కూడా. కంగారులో స్కిప్ కొట్టినవాళ్లు తర్వాత చూద్దామంటే చాలా యాప్‌లలో ఎక్కడా దొరకదు. హెల్ప్‌లో ఉంచండి. చదవలేనివాళ్లు కూడా ఉంటారు, తెలుగులో గొంతుతో వినిపించండి.

చుక్కాని
స్లైడ్‌లు తీసేసి, ఒక ఉత్తుత్తి బాకీ రాసి ఉంచితే? నొక్కి చూసుకుంటూ నేర్చుకుంటారు.

ఫోన్‌షాపు_అన్న
వద్దు తమ్ముడూ. ఎవరో తనకు ఐదొందలు బాకీ ఉన్నారనుకుని షాపాయన గొడవకి పోతాడు. ఖాళీగా ఉంచి, "మొదటి బాకీ రాయండి" అని పెద్ద బటన్ ఒక్కటి పెట్టు.

పెరుగన్నం
పెట్టగానే ఆ బటన్‌కి కూడా ఒక బాణం వేయమంటాడు వాళ్ల మేనేజర్.